చెరువు కూలే ముందు ఏమైనా చెబుతుందా? తేరుకునే వేగం గురించి

చెరువుగట్టు · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఆకివీడు దగ్గర వెనామీ రొయ్యల చెరువులకు నీటి పరీక్షలు చేస్తుంటాను. పోయిన పంటలో చూసింది ఒకటి నన్ను ఇంకా వదల్లేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ఒకే గట్టుకు అటూ ఇటూ రెండు చెరువులు, ఒక్కోటి ఎకరంన్నర. ఒకే హేచరీ పిల్ల, ఒకే రోజు వదిలారు, మేత కూడా ఒకటే. 52వ రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు రైతు ఫోన్ చేశాడు. నేను వెళ్ళేసరికి రెండో చెరువులో రొయ్య గట్టు వారకు వచ్చి తేలి తిరుగుతోంది. టార్చి వేస్తే నీటి మీదంతా ఎర్రటి కళ్ళే. నీటిలో గాలి కలిపే ఏరేటర్లు అన్నీ తిరుగుతూనే ఉన్నాయి, అయినా డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, 1.8. ముందురోజు సాయంత్రం దాకా చిక్కటి ఆకుపచ్చగా ఉన్న నీరు తెల్లారేసరికి బియ్యం కడిగిన నీళ్ళలా పాలిపోయింది. గాలివాటు మూలన గోధుమరంగు నురగ, కుళ్ళిన నాచు వాసన. పక్క చెరువుకు ఏమీ కాలేదు.

మా వైపు దీన్ని ‘కలర్ పడిపోయింది’ అంటారు. నీటిలో నాచు ఒక్కసారిగా చచ్చిపోయి, కుళ్ళుతూ ఉన్న ఆక్సిజన్ అంతా లాగేసుకోవడం.

ఇంటికొచ్చి రికార్డు పుస్తకం తీశాను. నలభయ్యో రోజు దాకా రెండు చెరువుల్లోనూ పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) పొద్దున 7.8, సాయంత్రం 8.3 చుట్టూ ఉంది. ఆ తర్వాత రెండో చెరువులో పొద్దున 7.7, సాయంత్రం 9 దాటడం మొదలైంది. చివరి పది రోజులూ ఊగిసలాట పెరుగుతూనే వచ్చింది. ఆ అంకెలు నా చేత్తో నేను రాసుకున్నవే. రోజుకొక అంకె రాస్తూ పోయాను తప్ప వరసగా చదవలేదు.

సరస్సులు, పగడపు దిబ్బలు, అడవులు హఠాత్తుగా మారిపోయే ముందు ఇలాంటి సూచనలు ఇస్తాయని చదివాను. నా పుస్తకంలో ఉన్నది అదేనా?

సరోవరం · సోమవారం, రాత్రి 11:15

చెరువుగట్టు గారూ, నేను విస్కాన్సిన్ రాష్ట్రం మ్యాడిసన్‌లో ఉంటాను. మీరు అడిగిన దాని మీద అసలైన ప్రయోగం జరిగింది మాకు ఉత్తరాన, మిషిగన్ సరిహద్దు దాటగానే ఉన్న చిన్న సరస్సుల్లో. మీ రెండు చెరువుల కథ చదువుతుంటే అవే గుర్తొచ్చాయి.

అక్కడ పీటర్ సరస్సు, పాల్ సరస్సు అని రెండు పక్కపక్కనే ఉంటాయి. పీటర్ సుమారు రెండున్నర హెక్టార్లు, అంటే మన లెక్కలో ఆరెకరాలు. స్టీఫెన్ కార్పెంటర్, మైకేల్ పేస్, జొనాథన్ కోల్ అనే శాస్త్రవేత్తల బృందం 2008 నుంచి పీటర్‌లో పెద్ద బాస్ చేపల్ని కొద్దికొద్దిగా వదిలింది. మన కొరమేనులాగే అవి వేటాడి తినే చేపలు. పాల్‌ను మాత్రం ముట్టుకోలేదు.

అప్పటికి పీటర్‌లో చిన్న చేపలదే రాజ్యం. చిన్న చేపలు నీటి పురుగుల్ని తింటాయి, నీటి పురుగులు నాచును తింటాయి. బాస్ పెరిగితే చిన్న చేపలు తగ్గాలి, పురుగులు పెరగాలి, నాచు తగ్గాలి. మొత్తం ఆహారపు గొలుసు ఒక తీరు నుంచి ఇంకో తీరుకు దొర్లిపోతుందన్నమాట. వాళ్ళు ప్రతి వేసవిలోనూ నాచు ఎంత ఉందో చెప్పే క్లోరోఫిల్‌ను రోజూ కొలుస్తూ, చేపల బోనులు వేసి లెక్కపెడుతూ కూర్చున్నారు. మార్పు పూర్తవడానికి ఏడాదికి పైగా ముందే పీటర్ క్లోరోఫిల్ అంకెల నడక మారింది. పాల్‌లో ఆ మార్పు లేదు. 2011లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. పరీక్షనాళికలో కాకుండా ఒక సరస్సు మొత్తాన్ని తీసుకుని ముందస్తు సూచనలు చూపించడం అదే మొదలు.

దానికంటే నాకు ఇష్టమైనది 2015లో చేసింది. ఈసారి అదే పీటర్‌లో నత్రజని, భాస్వరం రోజూ కలుపుతూ నాచును రెచ్చగొట్టారు. సెన్సర్లు పంపే అంకెల్ని రోజూ లెక్కగట్టి, సూచన కనిపించగానే ఎరువు ఆపేశారు. నీలి ఆకుపచ్చ నాచు విజృంభణ వెనక్కి తగ్గింది. అలారం మోగాక చెయ్యి వెనక్కి తీస్తే ఫలితం ఉంటుందా అన్న ప్రశ్నకు అక్కడ జవాబు దొరికింది.

లెక్కలమాస్టారు · మంగళవారం, ఉదయం 6:30

సరోవరం చెప్పిన ప్రయోగం చాలా గట్టిది. కానీ చెరువుగట్టు గారి పుస్తకంలో ఉన్నది అదేనని వెంటనే తలూపలేను. నేను తెనాలిలో ముప్పై ఏళ్ళు స్టాటిస్టిక్స్ చెప్పాను, కొంచెం నిదానంగా చూద్దాం.

పీహెచ్ ఎందుకు ఊగుతుంది? పగలు నాచు నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను వాడుకుంటుంది, పీహెచ్ పెరుగుతుంది. రాత్రి నాచూ రొయ్యా అన్నీ ఊపిరి వదులుతాయి, పీహెచ్ తగ్గుతుంది. నాచు ఎక్కువైతే ఊగిసలాట ఎక్కువ. పీహెచ్ మార్పును ఓర్చుకునే గుణం, అంటే ఆల్కలినిటీ, తగ్గినా అంతే. అంటే మీ అంకె ‘నాచు చిక్కబడింది, లేదా నీటికి ఓర్చుకునే శక్తి తగ్గింది’ అని చెబుతోంది. చాలా పనికొచ్చే సంగతే. కాకపోతే సిద్ధాంతం చెప్పే సూచన వేరు.

ఆ సిద్ధాంతం ఇది. ఇంట్లో పెద్దవాళ్ళకు జ్వరం వస్తే మనం ఏం గమనిస్తాం? నిరుడు రెండు రోజుల్లో లేచి తిరిగిన మనిషి ఈసారి వారమైనా మంచం దిగలేదంటే కంగారు పడతాం. జ్వరం తీవ్రత ఒకటే కావచ్చు. తేరుకోవడానికి పట్టిన కాలం పెరిగింది. సరస్సు, అడవి, గడ్డిమైదానం ఏదైనా సరే, దొర్లిపోయే అంచుకు చేరువయ్యేకొద్దీ చిన్న దెబ్బ నుంచి తేరుకోవడం నెమ్మదిస్తుంది. మిగతా సూచనలన్నీ దీని నీడలే. నెమ్మదిగా తేరుకుంటే నిన్నటి లోటు ఈరోజు కూడా మిగిలే ఉంటుంది కాబట్టి ఈరోజు అంకె నిన్నటి అంకెను పోలి ఉంటుంది. పాత దెబ్బ తీరకముందే కొత్తది వచ్చి పడుతుంది కాబట్టి మొత్తం ఊగిసలాట పెరుగుతుంది.

కాబట్టి పొద్దుటికీ సాయంత్రానికీ తేడా చూడకండి. రోజూ ఉదయం అయిదు గంటల అంకెను రోజూ ఉదయం అయిదు గంటల అంకెతోనే పోల్చండి. వాన పడ్డాక, లేదా వరసగా మబ్బు పట్టాక, చెరువు ఎన్ని రోజుల్లో మామూలు స్థితికి వస్తోందో చూడండి.

ఇంకో మాట. తెలుగులో ‘తేరుకోవడం’ అన్న మాట బురద కింద దిగి నీరు తేటపడటానికీ వాడతాం, మనిషి కోలుకోవడానికీ వాడతాం. ఈ విషయానికి ఇంతకన్నా సరిపోయే మాట నాకు తెలియదు.

నెల్లూరి రైతు · మంగళవారం, ఉదయం 8:05

మాస్టారూ, మీరు చెప్పింది బాగుంది. కానీ 1994, 95లో టైగర్ రొయ్య వేసినవాళ్ళం మేం. తెల్లమచ్చ వైరస్ వచ్చినప్పుడు ఏ సూచనా లేదు. సాయంత్రం చెక్ ట్రేలో (మేత తింటోందా లేదా చూడటానికి నీటిలో దించే పళ్ళెంలో) మేత శుభ్రంగా తిన్న రొయ్య, మర్నాడు గట్టు వార ఎర్రబడి తేలింది. మూడు నాలుగు రోజుల్లో చెరువంతా ఖాళీ. మా ఊళ్ళో బంగారం తాకట్టు పెట్టని ఇల్లు లేదు ఆ ఏడాది. నీళ్ళు తేటగా, పీహెచ్ సరిగ్గా ఉన్న చెరువులు కూడా పోయాయి. ఈ లెక్కలు అలాంటి దాన్ని పట్టుకుంటాయా?

సరోవరం · మంగళవారం, ఉదయం 8:50

పట్టుకోవండీ. చెరువు బలహీనపడి కూలిన కథ కాదది, బయటినుంచి వచ్చిపడ్డ దెబ్బ. దాన్ని ముందే చెప్పే శక్తి ఈ అంకెలకు లేదు.

కరీబియన్ సముద్రంలో అచ్చం ఇలాంటిదే జరిగింది. జమైకా చుట్టూ పగడపు దిబ్బల మీద నల్లటి పొడవాటి ముళ్ళ సముద్రపు ఉర్చిన్లు ఉండేవి, నాచును మేసి పగడాలను శుభ్రంగా ఉంచేవి. 1983లో ఏదో తెగులు వచ్చి నూటికి తొంభైకి పైగా చచ్చాయి. 1970ల చివర్లో జమైకా దిబ్బల మీద సగం దాకా బతికిన పగడం ఉండేది. 1990ల మొదటికి 3 శాతమే మిగిలింది. మిగతాదంతా నాచు కప్పేసింది.

కానీ ఒకటి ఆలోచించండి. నాచు తినే చేపల్ని అప్పటికే విపరీతంగా పట్టేసి ఉన్నారు. దిబ్బను కాపాడే పని ఆ ఒక్క ఉర్చిన్ మీదే పడింది. 1980లో తుపాను కొట్టినప్పుడు పగడం మళ్ళీ మొలవడానికి చోటు మిగిల్చింది ఆ ఉర్చినే. అదీ పోయాక ఇంకెవరూ లేరు. తెగులును ఎవరూ ముందుగా చెప్పలేరు గానీ, ఒక్క స్తంభం మీద నిలబడ్డ ఇల్లని చెప్పడానికి వీలుండేది.

నెల్లూరి రైతు · మంగళవారం, ఉదయం 9:20

ఒక్క స్తంభం సంగతి నిజమే. అప్పట్లో కాలవ పొడుగునా అందరం టైగరే వేశాం. ఒకడు వదిలిన నీళ్ళే ఇంకొకడు తోడుకునేవాడు.

శ్రావణమేఘం · మంగళవారం, మధ్యాహ్నం 1:10

హైదరాబాద్‌లో పీజీ చేస్తున్నాను. అమెజాన్ అడవి మీద 2022లో వచ్చిన పరిశోధనలో ఉపగ్రహ చిత్రాలతో ఇదే పద్ధతి వాడారు. 2000ల మొదటినుంచి అడవిలో నాలుగింట మూడు వంతులకు పైగా ప్రాంతం తేరుకునే శక్తి తగ్గుతూ వస్తోందని తేల్చారు. వాన తక్కువ పడే చోట్ల, మనుషుల కదలిక దగ్గరగా ఉన్న చోట్ల తగ్గుదల ఎక్కువ. చెట్లు నిలబడే ఉన్నాయి, పైనుంచి చూస్తే అడవి పచ్చగానే ఉంది. నన్ను ఎక్కువ కదిలించింది అదే.

మాస్టారూ, ఈ లెక్క మేం చెయ్యగలమా? పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమైనా కావాలా?

లెక్కలమాస్టారు · మంగళవారం, రాత్రి 7:45

ఎక్సెల్ చాలమ్మా. ఒక నిలువు వరసలో రోజువారీ అంకెలు వేసుకో. పంట పెరిగేకొద్దీ మేత పెరుగుతుంది, అంకెలు నెమ్మదిగా ఒకవైపు జరుగుతాయి. ఆ జరుగుబాటును ముందు తీసెయ్యాలి. చుట్టుపక్కల కొన్ని రోజుల సగటు కట్టి, అసలు అంకెలోంచి తీసివేస్తే మిగిలేది రోజువారీ ఎత్తుపల్లాలు. ఈ మెట్టు వదిలేస్తే పెరుగుదలనే సూచన అనుకుని మోసపోతాం. తర్వాత అదే వరసను ఒక గడి కిందికి జరిపి పక్కన పెట్టుకుని, రెండింటి మధ్య సహసంబంధం (కోరిలేషన్) కట్టు. మొత్తం కాలానికి ఒకేసారి కట్టకు. కిటికీలాగా కొన్ని రోజులు తీసుకుని, దాన్ని ఒక్కో రోజూ ముందుకు జరుపుతూ పో. ఆ విలువ సున్నా వైపు నుంచి ఒకటి వైపు ఎక్కుతుంటే తేరుకోవడం నెమ్మదిస్తోందన్నమాట.

చిక్కు ఎక్కడంటే, అంకెలు చాలా కావాలి. వంద రోజుల పంటలో రోజుకొక అంకె అంటే బొటాబొటీ. వారానికోసారి కొలిస్తే చెరువు పడి లేచిన సంగతి కూడా తెలియదు. వస్తువు ఎంత వేగంగా తేరుకుంటుందో అంతకన్నా తరచుగా కొలవాలి. నాచుకు రోజూ కావాలి, అడవికి నెలకొకటైనా నడుస్తుంది. మధ్యలో మీటర్ మార్చినా, ప్రోబ్ మొరాయించినా ఊగిసలాట మారుతుంది, అదీ రాసుకోవాలి.

ఈ మధ్య ఎవరికైనా కంప్యూటర్ చేతికిస్తే వెంటనే గీత గీసి చూపిస్తున్నారు. గీత ఎక్కిందా దిగిందా అన్నదానికంటే, ఆ చెరువు పక్కన నిలబడి చూసినవాడు రాసిన రెండు మాటలకు నేను ఎక్కువ విలువిస్తాను.

కొల్లేటి పక్షి · బుధవారం, ఉదయం 5:55

కైకలూరు నుంచి. ఆటపాకలో గూడబాతుల్ని చూడటానికి ఏళ్ళ తరబడి తిరుగుతున్నాను. కొల్లేరు గురించి ఒక్క మాట చెప్పాలి.

అందరూ కొల్లేరును ఈ సిద్ధాంతానికి ఉదాహరణగా చెప్పేస్తారేమోనని ముందే అంటున్నాను. మా సరస్సు దానంతట అది దొర్లిపోలేదు. 1970ల నుంచి చేపల చెరువులకు గట్లు వేసి ముక్కలు చేశారు. అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) లోపల 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో (ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా) చేర్చారు, 2006లో గట్లు కొట్టేశారు. ప్రతి మెట్టూ మనుషులు చేసిందే, అందరి కళ్ళ ముందూ జరిగిందే. దానికి ఏ లెక్కా అక్కర్లేదు.

కానీ మిగిలిన నీటి సంగతి వేరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వరద సముద్రంలోకి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. పూడిక, గుర్రపుడెక్క అడ్డం పడితే నీరు నిలబడుతుంది. ఎండాకాలం అదే ఉప్పుటేరు గుండా ఉప్పునీరు వెనక్కి ఎక్కుతుంది. మాస్టారు చెప్పిన మాట చదివాక మా లంకల్లో పెద్దవాళ్ళు అడిగే ప్రశ్న గుర్తొచ్చింది. వరద ఎంత వచ్చిందని కాదు, ‘నీరు తీయడానికి ఎన్నాళ్ళు పట్టింది’ అని అడుగుతారు. అదే కదండీ తేరుకునే కాలం?

ఒడిశాలో చిలిక సరస్సును చూడండి. ఇసుక మేట వేసి సముద్రపు మొగ మూసుకుపోతూ వచ్చింది, ఉప్పదనం తగ్గింది, మంచినీటి కలుపు కమ్మేసింది, చేప పడిపోయింది. 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వారు. ఉప్పునీరు లోపలికి రాగానే కలుపు తగ్గింది, చేపా పీతా తిరిగొచ్చాయి. ప్రమాదంలో ఉన్న రామ్‌సర్ స్థలాల జాబితా నుంచి 2002లో దాన్ని తీసేశారు. రోగం మూలం ఎక్కడుందో అక్కడే చెయ్యి వేశారు కాబట్టి లేచింది.

సరోవరం · బుధవారం, ఉదయం 7:30

పక్షి గారూ, చిలిక అదృష్టవంతురాలు. అన్నీ అంత తేలిగ్గా వెనక్కి రావు. నెదర్లాండ్స్‌లో వెలువె సరస్సులో భాస్వరం పెరిగి అడుగున ఉండే మొక్కలు పోయాయి, నీరు మురికిపడింది. భాస్వరాన్ని పాత స్థాయికి తగ్గించినా నీరు తేటపడలేదు. కూలిన స్థాయికంటే బాగా కిందికి దించి, బురద కెలికే బ్రీమ్ చేపల్ని పట్టి తీసేశాకే, ఏళ్ళ తర్వాత మొక్కలు మళ్ళీ వచ్చాయి. పడ్డ మెట్టు దగ్గరే ఎక్కడం కుదరదు, ఇంకా చాలా కిందికి పోయి అక్కడినుంచి ఎక్కి రావాలి. ముందే తెలుసుకోవాలన్న తపన అందుకే.

చెరువుగట్టు · బుధవారం, రాత్రి 10:20

మాస్టారూ, మీరన్నట్టే చేశాను. పోయిన పంట పుస్తకంలో వాన పడ్డ రోజులు గుర్తుపెట్టి, ఆ తర్వాతి ఉదయపు డీవో మాత్రం తీశాను.

28వ రోజు పెద్ద వాన. రెండు చెరువులూ మూడో ఉదయానికి మామూలు అంకెకు వచ్చాయి. 41వ రోజు ఇంకో వాన. మొదటి చెరువుకు మళ్ళీ మూడు రోజులే. రెండో చెరువుకు ఆరు. 48వ రోజు చిన్న జల్లు, రెండో చెరువు ఇంక లేవనే లేదు, 52న కూలింది.

ఆ ఆరు రోజులూ నేను రోజూ అక్కడే ఉన్నాను. మేత ఆపమని ఒక్క మాట అనలేదు. అంకె మూడు పైన ఉంది కదా అని ఊరుకున్నాను.

లెక్కలమాస్టారు · గురువారం, ఉదయం 6:10

మిమ్మల్ని మీరు నిందించుకోకండి. ఆ పుస్తకం రాసి ఉంచారు కాబట్టే ఈ సంగతి ఈరోజు తెలిసింది.

అయినా నా హెచ్చరిక నేను చెప్పాలి. కూలిన చెరువునే ఏరి తీసుకుని వెనక్కి వెతికితే సూచన దొరికినట్టే ఉంటుంది. బోటిగర్, హేస్టింగ్స్ అనే పరిశోధకులు 2012లో సరిగ్గా ఈ తప్పునే ఎత్తిచూపారు. నెమ్మదిగా తేరుకుని కూడా కూలని చెరువులు ఎన్ని? తొందరగా తేరుకుంటూనే కూలినవి ఎన్ని? మీ దగ్గర ఉన్న పుస్తకాలన్నీ, మంచి పంటలవి కూడా, తియ్యండి. అప్పుడే దీని బలం తెలుస్తుంది.

ఒక ధైర్యం మాత్రం ఉంది. 2012లోనే ఎంఐటీలో జెఫ్ గోర్ బృందం ఈస్ట్ మీద చేసింది. ఈస్ట్ కణాలు చక్కెరను కలిసికట్టుగా విరగ్గొట్టుకుని తింటాయి, గుంపు పలచబడితే బతకలేవు. రోజూ కొంత తీసేసి కొత్త ద్రావణంలో పలచన చేస్తూ పోయారు. పలచన పెంచేకొద్దీ గుంపు తేరుకోవడం నెమ్మదించింది, చివరికి కూలింది. అక్కడ ఏరుకోవడం లేదు, అన్ని గిన్నెలూ లెక్కలోకి వచ్చాయి.

చెరువుగట్టు · శనివారం, రాత్రి 8:30

అవే రెండు చెరువులు, కొత్త పంట. మంగళవారం మధ్యాహ్నం గంటసేపు వాన కొట్టింది, ఆరోజు 38వ రోజు. ఉదయం అయిదు గంటల డీవో రాస్తున్నాను.

మొదటి చెరువు: వానకు ముందు 4.6. తర్వాత 3.5, 4.1, 4.5, 4.6.
రెండో చెరువు: వానకు ముందు 4.5. తర్వాత 3.2, 3.1, 3.3, 3.3.

నిన్న మూడో రీడింగు చూశాకే రైతు దగ్గర కూర్చున్నాను. రొయ్య బాగానే తింటోంది, ట్రే ఖాళీ అవుతోంది, ఇప్పుడు మేత తగ్గిస్తే కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క) వెనకబడుతుందని ఆయన బాధ. ఆయన తప్పు లేదు, అప్పు మీద నడిచే పంట. పోయిన పంట పుస్తకం తెరిచి 41 నుంచి 46 దాకా వేలు పెట్టి చదివించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘సగం వేద్దాం’ అన్నాడు. నిన్న సాయంత్రం నుంచి రెండో చెరువుకు సగం మేతే. రాత్రి ఇంకో ఏరేటర్ కూడా దించాం.

నెల్లూరి రైతు · శనివారం, రాత్రి 9:00

మంచి పని చేశారు. అడుగున మట్టి చూడండి, నల్లబడితే ఆ బురదను మధ్యలోంచి లాగించండి. ఒక్క మేత తగ్గిస్తే చాలదు.

చెరువుగట్టు · మంగళవారం, ఉదయం 6:40

అడుగు మట్టి నల్లగానే ఉందండీ, ఆదివారం లాగించాం. రెండో చెరువు ఆదివారం 3.5, నిన్న 3.9, ఈ ఉదయం 4.2. నీటి తేట కొలవడానికి దించే సెకీ పలక 22 సెంటీమీటర్ల దగ్గర మాయమయ్యేది, ఇప్పుడు 29 దాకా కనిపిస్తోంది. మొదటి చెరువు 4.6 దగ్గరే ఉంది.

లెక్కలమాస్టారు · మంగళవారం, ఉదయం 7:15

సంతోషం. మేత అప్పుడే పెంచవద్దు. వచ్చే వానకు ఎన్ని రోజులు తీసుకుంటుందో చూసి పెంచండి.

చెరువుగట్టు · మంగళవారం, ఉదయం 7:20

అలాగేనండి. మా ల్యాబ్‌లో పాత పుస్తకాలు పదిహేడు ఉన్నాయి, మంచి పంటలవి కూడా. శ్రావణమేఘం గారు వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తానన్నారు. ఈ ఆదివారం ఫొటోలు తీసి పంపడం మొదలుపెడతాను.